సినిమా చూసేశాం సరే, ఎక్కడ మాట్లాడుకుందాం?

సెకండ్ షో వదిలేసరికి రాత్రి పన్నెండున్నర దాటింది. బండ్ల స్టాండు దగ్గర చూస్తే మా బామ్మర్ది అప్పటికే ఫోన్ తీసి ఏదో నొక్కుతున్నాడు. "ఏట్రా అది?" అన్నాను. "స్టార్లు ఇస్తన్నాను బావా. రెండున్నర" అన్నాడు. మా మేనకోడలు గోడవారన నిలబడి ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా వాయిస్ నోట్ చెప్తోంది. నేను టీ కొట్టు వైపు నడిచాను. కొట్టు ఆయన ఒడియా మనిషి. గ్లాసు చేతికిస్తూ "సినేమా కెమితి లాగిలా?" అని అడిగాడు. ఎలా అనిపించింది అని. వెనకాలే వచ్చిన బామ్మర్ది ఆ 'లాగిలా'ని పట్టుకుని "లాగాడు భాయ్, మూడు గంటలు లాగాడు" అన్నాడు. ఒడిశాలోని మా బరంపురంలో పుట్టి పెరిగినవాళ్లకు తప్ప ఆ జోకు ఎవరికీ పేలదు. అక్కడున్న ఐదారుగురూ నవ్వారు.

ముగ్గురం ఒకే సినిమా చూసి మూడు చోట్ల చెప్పుకున్నాం. తెల్లారేసరికి నాకేమీ కాలేదు. మేనకోడలికి జవాబుగా పది వాయిస్ నోట్లు వచ్చాయి. బామ్మర్ది రేటింగ్ కింద మాత్రం ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు బూతు రాశాడు.

అప్పటి నుంచీ మా ఇంట్లో ఇదే చర్చ. కొత్త సినిమా మీద మన అభిప్రాయం ఎక్కడ చెప్తే బాగుంటుంది? హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఇది పెద్ద ప్రశ్న కాదు. చుట్టూ అందరూ తెలుగే, అందరూ దాదాపు ఒకే రోజు చూస్తారు. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్లకు అలా కుదరదు. అందుకే ఈ పోలిక.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, వినేవాళ్లు సినిమా చూశారా లేదా. మన వైపు ఒకే సినిమా ఒక్కొక్కరికి ఒక్కో రోజున అందుతుంది. అమెరికా ప్రీమియర్ల టాక్ మనం పళ్లు తోముకునే వేళకే ఫోన్‌లో ఉంటుంది. ఆంధ్రలో పెద్ద సినిమాలకు ప్రభుత్వం విడిగా జీవో ఇచ్చి ధర పెంచుకోనిస్తుంది, అదనపు ఆటలు వేసుకోనిస్తుంది. అలాంటప్పుడు మన కుర్రాళ్లు బళ్ల మీద ఇచ్చాపురం పోతారు. బరంపురం నుంచి దగ్గర దగ్గర పాతిక కిలోమీటర్లు. పర్లాకిమిడి వాళ్లకైతే పాతపట్నం పక్కనే. వాళ్లు చూసి తిరిగొచ్చే సమయానికి ఇక్కడ మొదటి ఆట కోసం ఇంకా లైన్లో నిలబడి ఉంటారు. మా అమ్మలాంటివాళ్లు హాలుకే రారు, ఓటీటీలోకి వచ్చాక చూస్తారు. అది నాలుగు వారాలు పట్టొచ్చు, ఎనిమిదీ పట్టొచ్చు. అంటే ఒక్క ఇంట్లోనే మొదట చూసినవాళ్లకూ చివర చూసినవాళ్లకూ రెండు నెలల తేడా రావచ్చు.

రెండోది, వినేవాళ్లు చదవగలరా. ఇది మన ఊళ్ల సంగతి, బయటివాళ్లకు చెప్తే నమ్మరు. మా మేనకోడలు తెలుగు గడగడా మాట్లాడుతుంది, పాటలన్నీ నోటికొచ్చు. తెలుగు అక్షరం మాత్రం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంది. తెలుగు మెసేజ్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. మా పెద్దప్పకు ఇంగ్లీషు అక్షరాలు చిరాకు, ఆవిడ తెలుగు మాటనే ఒడియా లిపిలో రాస్తుంది. నేనేమో తెలుగు లిపిలో రాస్తాను. ఒకే ఇంట్లో ఒకే భాషకు మూడు లిపులు. ఎంత కష్టపడి రాసినా నా రివ్యూని గ్రూపులో సగం మంది చదవలేరు.

మూడోది, మన మాట అక్కడ ఉండిపోతుందా, గాల్లో కలిసిపోతుందా. సినిమా మీద మొదటి రాత్రి ఉండే కోపం వారం తర్వాత ఉండదు. ఆ కోపం రికార్డై ఉంటే తర్వాత మనమే సిగ్గుపడాలి.

నాలుగోది, ఎదుటివాడు మనతో వాదిస్తాడా, తిడతాడా, అసలు పట్టించుకోడా. ఇక ఖర్చంటారా, అది లెక్కలోకి తీసుకునేంత లేదు. టీ డబ్బులే.

| చోటు | చూడనివాళ్లకు కథ తెలిసిపోతుందా | చదవడం రావాలా | మాట ఉండిపోతుందా | ఎదురు మాట |
|---|---|---|---|---|
| టీ కొట్టు | దాదాపు లేదు, అందరూ అదే ఆట చూశారు | అక్కర్లేదు | ఉండదు | వెంటనే, మొహం మీదే |
| గ్రూపులో రాత | బాగా ఎక్కువ | రావాలి | ఉంటుంది | ఎక్కువ, ఒక్కోసారి గొడవ |
| గ్రూపులో వాయిస్ | తక్కువ, నొక్కితేనే వినపడుతుంది | అక్కర్లేదు | ఉంటుంది | మనవాళ్ల నుంచే |
| స్టార్లు, యాప్‌లో రివ్యూ | మన జాగ్రత్తను బట్టి | కొంత | ఏళ్ల తరబడి | తెలియనివాళ్ల నుంచి |
| వీడియో, రీల్ | ఎక్కువ | అక్కర్లేదు | ఉంటుంది | బాగా ఎక్కువ, సగం తిట్లే |
| ఇంట్లో, ఓటీటీ తర్వాత | లేదు | అక్కర్లేదు | ఇంటివాళ్ల నోట్లో | నెమ్మదిగా |

టీ కొట్టు, అంటే మన ఖటి

ఒడియావాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటుని 'ఖటి' అంటారు. మనమూ అదే అంటున్నాం. ఆట వదిలిన పావుగంట దీని టైము. ఆ పావుగంటలో ఎవడూ ఆలోచించి మాట్లాడడు, అదే దాని అందం. "ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరిపోనాది గానీ సెకండాఫ్‌లో ఏటి సేసాడో ఆడికే తెలీదు" అని ఒకడంటాడు. "ఆ పాట ఎందుకెట్టాడురా మధ్యలో" అని ఇంకొకడు. ఎవరి మాటా పూర్తి కాదు. అయినా తెల్లారి లేచాక సినిమాలో ఏది నిజంగా పనిచేసిందో, ఏది పనిచేయలేదో మనకు తెలిసిపోతుంది. ఎందుకంటే పదిమందీ ఒకే చోట ఆగిన సీను ఏదో మనం కళ్లారా చూశాం.

ఇంకో లాభం ఉంది. మన పక్కన ఒడియా స్నేహితులు ఉంటారు. ఒక్కోసారి వాళ్లు అదే సినిమాని హిందీ డబ్బింగ్‌లో చూసొస్తారు. వాళ్ల సినిమా వేరు, మన సినిమా వేరు. మనం పగలబడి నవ్విన యాస జోకు హిందీలో మామూలు డైలాగై ఉంటుంది. మనకు అతిగా అనిపించిన భారీ డైలాగు వాళ్లకు హిందీ గొంతులో గంభీరంగా వినపడి ఉంటుంది. ఈ తేడా ఏ రివ్యూలోనూ దొరకదు, ఈ కొట్టు దగ్గరే దొరుకుతుంది. నాకైతే సినిమా కంటే ఈ భాగమే ఇష్టం.

లోటు ఏమిటంటే, అక్కడ ఉండేది ఎప్పుడూ మగవాళ్లే. సెకండ్ షో తర్వాత ఆడపిల్లలు టీ కొట్టు దగ్గర నిలబడే వాతావరణం మన ఊళ్లలో ఇంకా రాలేదు. ఆ రోజు మా మేనకోడలు గోడ దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే. మ్యాట్నీకి వెళ్తే నయం. ఆట వదిలాక అందరూ కలిసి చాట్ బండి దగ్గరో, జ్యూస్ షాపులోనో కూర్చోవచ్చు. ఇంట్లో ఆడవాళ్ల అభిప్రాయం కూడా వినాలనుకునేవాళ్లు సెకండ్ షో మానేసి మ్యాట్నీ టికెట్లు తీసుకోండి.

హీరోల అభిమానులు గుంపుగా ఉన్న మొదటి రోజున నోరు కాస్త అదుపులో ఉంచుకోవడం మంచిది. 'యావరేజ్' అన్న మాటకి కూడా కొందరికి కోపం వస్తుంది.

వాట్సాప్ గ్రూపు, రాత రూపంలో

అందరూ ముందు ఎంచుకునేది ఇదే. నా లెక్కలో ఎక్కువ తగాదాలు పుట్టేదీ ఇక్కడే. నేను చేసిన తప్పు చెప్తాను. రెండేళ్ల క్రితం ఇచ్చాపురంలో తెల్లవారుజాము ఆట చూసి, ఆనందం పట్టలేక మా చుట్టాల గ్రూపులో ఒకే ఒక్క లైను కొట్టాను: "అన్న సచ్చిపోలేదు, సెకండాఫ్‌లో వస్తాడు!" మా చిన్నాన్న కొడుకు అప్పుడే హాలు బయట లైన్లో ఉన్నాడు. వాడు గ్రూపు తెరవలేదు, ఏమీ చదవాలనుకోలేదు. ఫోన్ జేబులోంచి తీసి టైము చూసుకున్నాడంతే. లాక్ స్క్రీన్ మీద నా లైను మొత్తం ఉంది. నాలుగు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా "అన్న వస్తాడా?" అని అడుగుతాడు.

అందుకే గ్రూపులో రాసేవాళ్లకు కొన్ని పద్ధతులు. మొదటి లైన్లో సినిమా పేరు, 'చూడనివాళ్లు ఆగండి' అన్న మాట తప్ప ఇంకేమీ ఉండకూడదు. నోటిఫికేషన్‌లో కనపడేది ఆ మొదటి ముక్కే. దాని కింద పది లైన్లు ఒక్కో చుక్క పెట్టి, ఆ తర్వాత కథ సంగతి రాయండి. పొరపాటున ముందే పెట్టేస్తే, పంపిన 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. మొత్తంగా చెరిపేయాలంటే రెండు రోజుల పైచిలుకు గడువు ఉంటుంది. అప్పటికే లాక్ స్క్రీన్ మీద చూసినవాడి మెదడులోంచి మాత్రం చెరపలేం.

ఈ గొడవ తర్వాత మా గ్రూపులో పోల్ పెట్టడం మొదలెట్టాం. 'చూశాను', 'ఈ వారం చూస్తాను', 'ఓటీటీకి ఆగుతాను' అని మూడే జవాబులు. ముగ్గురు నలుగురు తప్ప అందరూ 'చూశాను' నొక్కాక చర్చ మొదలవుతుంది. ఆ పోల్‌ని పైన పిన్ చేసి వారం రోజులు ఉంచుతాం.

టెలిగ్రామ్ వాడే కుర్రాళ్లున్నారు. అక్కడ రాసిన ముక్కని మసకగా దాచి పంపే వసతి ఉంది, నొక్కితేనే కనపడుతుంది. ఈ ఒక్క విషయంలో అది మేలు. కానీ సినిమా పేరుతో అక్కడ తిరిగే చాలా గ్రూపులు దొంగ ప్రింట్ల కోసమే ఉంటాయి. అభిప్రాయాలు చెప్పుకుందామని చేరి, చివరికి ప్రింట్ ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ల మధ్య పడతాం.

గ్రూపులోనే, గొంతుతో

రాతకీ వాయిస్‌కీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన వైపు వాళ్లకు అది చాలా పెద్ద తేడా. లిపి గొడవ పూర్తిగా పోతుంది. అక్షరం రాని మేనకోడలు, ఇంగ్లీషు అక్షరాలు నచ్చని పెద్దప్ప, సూరత్‌లో మిల్లు పనిలో ఉన్న మా మావయ్య కొడుకు, అందరూ ఒకే చోట ఉంటారు. వాయిస్ నోట్‌ని నొక్కేదాకా అందులో ఏముందో తెలియదు కాబట్టి లాక్ స్క్రీన్ ప్రమాదం కూడా లేదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. రాయడానికి కూర్చుంటే మనందరికీ పేపర్ భాష పూనుతుంది. "దర్శకుడు కథనాన్ని నడిపిన తీరు ఆకట్టుకుంటుంది, నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి" అని రాసేస్తాం. ఎవరి ఇంట్లో అలా మాట్లాడతారు? అదే మనిషి వాయిస్‌లో "అమ్మ ఆ గుమ్మం కాడ నిలబడి సూస్తాది సూడు, అక్కడ నాకు ఏడుపొచ్చీసింది" అంటాడు. మొదటి దాంట్లో సినిమా గురించి ఒక్క ముక్కా తెలియదు. రెండో దాంట్లో మొత్తం తెలిసిపోయింది.

మాట్లాడే తెలుగులోనే రాయాలని కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులోకి వెళ్లాక ఆయన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని జరుపుకుంటున్నాం. ఆయన వదిలి వెళ్లిన ఊళ్లో ఇవాళ అక్షరం రాని పిల్లలు ఫోన్లో వాయిస్ నొక్కి ఆయన కోరిన తెలుగే మాట్లాడుతున్నారు. అది సినిమా గురించే అయితే ఏం?

వాయిస్‌కి లోటు లేదని కాదు. నిడివే పెద్ద సమస్య. నాలుగున్నర నిమిషాల నోట్ పంపితే రెండింతల వేగంలో పెట్టి వింటారు, అప్పుడు మీ ఏడుపు ఉడత అరుపులా ఉంటుంది. నిమిషం దాటకండి. మొదట సినిమా బాగుందో లేదో ఒక్క మాట, ఆ తర్వాత నచ్చిన సీను ఒకటి, నచ్చనిది ఒకటి. కథ చెప్పాల్సి వస్తే ఆపేసి దాన్ని రెండో నోట్‌గా పంపండి, పైన 'కథ ఉంది' అని రాయండి. ఇంకో ఇబ్బంది, తర్వాత వెతికితే దొరకదు. ఏ సినిమాకి ఏమన్నామో తెలియాలంటే వాయిస్ కింద సినిమా పేరు ఒక్కటి టైపు చేసి పెట్టుకోవాలి.

స్టార్లు, యాప్‌లో రివ్యూలు

టికెట్ బుక్ చేసిన యాప్ మర్నాడే అడుగుతుంది, సినిమా ఎలా ఉంది, పదికి ఎంత అని. సినిమాల వివరాలుండే ఐఎండీబీ సైటులోనూ పదికే. సినిమా డైరీ రాసుకునే యాప్ లెటర్‌బాక్స్‌డ్‌లో ఐదు స్టార్లు, అరస్టారు కూడా ఇవ్వొచ్చు. ఏ రోజు ఏ సినిమా చూశామో డైరీలా దాచుకోవచ్చు, కథ బయటపెట్టే రివ్యూ అయితే టిక్ కొడితే దాన్ని మూసి చూపిస్తుంది. అక్కడ ఎక్కువగా ఇంగ్లీషే కనిపించినా తెలుగులో రాయడానికి అడ్డేమీ లేదు.

ఇవి ఎవరికి పనికొస్తాయి? ఏడాదికి యాభై సినిమాలు చూసి, ఏది ఎప్పుడు చూశామో మర్చిపోయేవాళ్లకు. అంటే మొదట తమ కోసం రాసుకునేవాళ్లకు. ఊరివాళ్లతో మాట్లాడాలనుకునేవాళ్లకు ఇవి పెద్దగా ఉపయోగపడవు, ఎందుకంటే మన ఊరివాళ్లు అక్కడ లేరు.

మీ ఒక్క స్టారుతో సినిమా తలరాత మారుతుందనే భ్రమ కూడా వద్దు. ఐఎండీబీ వచ్చిన ఓట్లన్నిటి మామూలు సగటు చూపించదు, తన లెక్క ప్రకారం కొన్ని ఓట్లకు బరువు తగ్గించి చూపిస్తుంది. మూకుమ్మడిగా వచ్చి ఒకటి కొట్టేవాళ్ల కోసం ఆ ఏర్పాటు. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో సినిమాకి మొదటి ఆట పడకముందే ఒక స్టారు ఇవ్వడం మనకు తెలియంది కాదు.

మా బామ్మర్ది చేసిన పని మాత్రం చేయకండి. వాడు రెండున్నర ఇచ్చింది ఆకలితో, తలనొప్పితో, ఏసీ సరిగ్గా లేని హాల్లో మూడు గంటలు కూర్చున్నాక. అదే సినిమాని ఐదు వారాల తర్వాత ఇంట్లో చూసి "ఇంత బాగుందేటి బావా" అన్నాడు. కానీ స్టార్లు మార్చలేదు, బద్ధకం. కేరళ హైకోర్టులో రివ్యూల మీద నడిచిన కేసులో కోర్టుకు సాయంగా నియమించిన న్యాయవాది 2024లో ఒక సూచన చేశారు: సినిమా విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు రివ్యూ పెట్టకుండా ఆగితే మంచిదని. అది సూచనే, చట్టం కాదు. రివ్యూలని ఆపాలనడం నాకు నచ్చదు గానీ, మన సొంత స్టార్లకి ఆ 48 గంటల లెక్క పెట్టుకుంటే నష్టమేమీ లేదు. ముఖ్యంగా కొత్తవాళ్లు తీసిన చిన్న సినిమాకి.

వీడియో చేద్దామనుకునేవాళ్లకి

కుర్రాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. ముందు, హాల్లో ఫోన్ పైకెత్తకండి. స్టేటస్ కోసం హీరో ఎంట్రీని ఇరవై సెకన్లు తీయడం సరదాగానే అనిపిస్తుంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక, అనుమతి లేకుండా హాల్లో సినిమాని రికార్డు చేయడానికి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా ఉన్నాయి. ఈలలేయండి, కాగితాలు ఎగరేయండి, వీడియో మాత్రం వద్దు.

ట్రైలర్ ముక్కలు, పాట బిట్లు పెట్టి రివ్యూ చేసినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. అంతకంటే గట్టి హెచ్చరికని స్ట్రైక్ అంటారు, తొంభై రోజుల్లో అవి మూడు పడితే ఛానెలే పోవచ్చు. మీ మొహం, మీ మాట, వెనకాల మీ ఊరు చాలు. నిజానికి మన వైపు కుర్రాడు బరంపురం తెలుగులో, మధ్యమధ్య ఒడియా మాటలు పడుతూ రివ్యూ చెప్తే నేను తప్పకుండా చూస్తాను. హైదరాబాద్ యాంకర్ గొంతుని అనుకరిస్తూ చెప్తే మాత్రం పది సెకన్లలో దాటేస్తాను. చేసిన ఒకరిద్దరు అలాగే చేశారు, ఆపేశారు కూడా.

కామెంట్లలో తిట్లు తప్పవు. ఇంట్లోవాళ్లు చదువుతారని గుర్తుంచుకుని ఈ పనికి దిగండి.

ఇంట్లో, ఓటీటీలోకి వచ్చాక

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అప్పటికి సినిమా పాతబడిపోయింది, టాక్ అయిపోయింది, హిట్టో ఫ్లాపో తేలిపోయింది. కానీ మా ఇంట్లో నిజమైన మాటలు వచ్చేది అప్పుడే. అభిమానులు లేరు, ఈలలు లేవు, బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఆపుకోవచ్చు. మా అమ్మ సినిమాని మధ్యలో ఆపించి అడుగుతుంది: "ఆ పిల్ల అంత రాత్రి ఒక్కర్తీ ఎలా వచ్చింది? బస్సుందా?" హాల్లో వందలమంది చూసినా ఎవరికీ రాని ప్రశ్న అది. స్క్రిప్టు రాసినవాళ్లకీ రాలేదు.

పిల్లలున్న ఇల్లయితే ఒక మాట. ఇప్పుడు యూఏ సర్టిఫికెట్ ఏడు, పదమూడు, పదహారు ఏళ్లు అని మూడు రకాలుగా వస్తోంది. ఆ నంబరు చూసి మొదలెడితే మధ్యలో రిమోట్ కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

ఎవరికి ఏది

హాస్టల్లో ఉంటూ బరంపురంలో చదువుకునే గుణుపురం, పర్లాకిమిడి పిల్లలకు: మీకు టీ కొట్టే. మీ గదిలో ఒడియా, తెలుగు, హిందీ మాట్లాడేవాళ్లు కలిసి ఉంటారు. అలాంటి ఖటి ఉద్యోగం వచ్చాక దొరకదు.

సూరత్, విశాఖ, హైదరాబాద్‌లలో పనిచేస్తూ ఊరి గ్రూపులో ఉన్నవాళ్లకు: వాయిస్. మీరు అక్కడ ముందే చూసేస్తారు కాబట్టి పోల్ చూసి నోరు విప్పండి. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఆ పాత వాయిస్‌లు అందరూ గుర్తు చేస్తారు, సిద్ధంగా ఉండండి.

ఒక హీరోకి ప్రాణమిచ్చే అభిమానికి: మొదటి మూడు రోజులు మీవాళ్ల గుంపులోనే ఉండండి. చుట్టాల గ్రూపులోకి రావద్దు. బావమరుదులు పోతారు.

సినిమాలని తీరిగ్గా, లోతుగా చూసేవాళ్లకి, కెమెరా, ఎడిటింగ్ లాంటివి మాట్లాడుకోవాలనుకునేవాళ్లకి: యాప్ డైరీ రాసుకోండి, దాంతో పాటు ఒక్క మనిషిని వెతుక్కోండి. ఇద్దరు చాలు. పదిమంది గ్రూపులో ఈ మాటలు ఎవరూ వినరు, నేను ప్రయత్నించి ఊరుకున్నాను.

పెద్దవాళ్లకి, హాలుకి రాని ఆడవాళ్లకి: ఇంట్లో ఓటీటీ, ఆ వెంటనే వాయిస్. వాళ్ల చేతికి ఫోన్ ఇచ్చి ఎక్కడ నొక్కాలో ఒక్కసారి చూపించండి.

మా ఇంట్లో ఇప్పుడు జరిగేది చెప్తాను. మొదటి రోజు చూసినవాళ్లు వాయిస్ పంపుతారు, దానికి నేను స్టార్ గుర్తు పెట్టి దాస్తాను. అమ్మకి వినిపించను. ఐదారు వారాల తర్వాత సినిమా టీవీలో చూశాక, టైటిల్స్ పడుతుండగా ఆ పాత నోట్లు ఒక్కొక్కటీ పెడతాను. మొన్న బామ్మర్ది వాయిస్ వచ్చింది, "క్లైమాక్స్ దండగ, రెండున్నరకి మించి ఇవ్వను" అని. అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఉంది. ఫోన్ ఇటివ్వు అని తీసుకుని, మైకు గుర్తు గట్టిగా నొక్కి పట్టుకుంది. "ఒరేయ్, నువ్వు ఆ రోజు అన్నం తినకుండా ఎల్లుంటావు. కడుపు నిండా తినీసి మళ్లీ సూడు, అప్పుడు మాట్లాడదాం."